అలబాస్టర్ చేతి మీద నూనె మరక

ఈ మధ్య మా చర్చిలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు ప్రేయర్ అయ్యాక నా పక్కన చేరారు. "అమ్మమ్మా, అన్నేళ్ళు మ్యూజియంలో క్లీనింగ్ చేశారు కదా, బోర్ కొట్టలేదా? ఇంట్రెస్టింగ్‌గా ఒక్కటైనా జరిగిందా?" అని అడిగారు. నవ్వుకోవడానికే అడిగారు. నేను చెప్పింది విన్నాక ఎవరూ నవ్వలేదు. రాసివ్వమన్నారు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాలు తప్పుంటే దిద్దుకోండి. జరిగినదాన్ని మాత్రం దిద్దవద్దు.

నా కూతురు నర్సుగా ఈ దేశం వచ్చి, తర్వాత నన్ను పిలిపించుకుంది. మనవడు స్కూల్‌కి వెళ్ళడం మొదలుపెట్టాక నాకు పగలంతా పని లేకుండా పోయింది. వేడి చేసిన ఇంట్లో, ఒక్క మనిషి కోసం అంత గ్యాసు కాలుతుంటే ఊరికే కూర్చోవడం నాకు చేతకాలేదు. పనిలో చేరతానంటే కూతురు ఒప్పుకోలేదు.

"ఈ వయసులో నీకు ఉద్యోగం ఏంటమ్మా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఈ వయసులో అన్నం మానేయమని చెప్పావా? చెప్పలేదుగా. మరి పనెందుకు మానాలి?"

అలా చేరాను. చికాగో నుంచి పడమటకి, అరోరా దాటి ఇంకొంత దూరం పోతే వచ్చే ఊరు. ఎవరో ధనవంతుడు యూరప్ అంతా తిరిగి కొన్న పాత వస్తువుల్ని ఆ ఊరికి వదిలిపోతే, వాటికి ఒక భవనం కట్టి మ్యూజియం అన్నారు. మేము పొద్దున్నే, తలుపులు తెరవకముందు వెళ్ళి తుడిచేవాళ్ళం. కొన్నేళ్ళకి నన్ను క్లీనర్ల మీద పెద్దని చేశారు. పెద్ద అంటే ఏమీ లేదు, మాప్ నేను కూడా పట్టాల్సిందే, కొత్తవాళ్ళకి పని నేర్పే బాధ్యత అదనం.

మేడ మీద ఒక గది నిండా గోడలకి చెక్కడపు పలకలు ఉండేవి. అలబాస్టర్ రాయి. మన పాలరాయి లాగే తెల్లగా ఉంటుంది గానీ పాలరాయి కాదు. ఎండ పడితే లోపల దీపం పెట్టినట్టు కనిపిస్తుంది. చాలా మెత్తన. గోటితో గీరితే గీత పడుతుంది, నీళ్ళు తగులుతుంటే పైపొర కరుగుతుంది. ఇంగ్లండులో కొన్ని వందల ఏళ్ళ కిందట చర్చిల కోసం చెక్కారట. గబ్రియేలు దూత మరియమ్మకి కబురు చెప్పడం, ప్రభువుని స్తంభానికి కట్టి కొట్టడం, సిలువ మీంచి దించడం, సమాధిలోంచి లేవడం. చెక్కిన దేశంలోనే తర్వాత చర్చిల్లో బొమ్మలు ఉండకూడదని రాజులు ఆజ్ఞ ఇస్తే, సుత్తులు పట్టుకుని వాటినే పగలగొట్టారట. అందుకని కొందరికి ముక్కుల్లేవు, కొందరికి తలలే లేవు.

నాకు ఆ గది మీద ప్రత్యేకమైన భక్తి ఏమీ ఉండేది కాదు. మేము బొమ్మలు పెట్టుకోని చర్చివాళ్ళం. క్యాలెండర్ మీద యేసు ప్రభువు బొమ్మ వస్తే మా నాన్న బొమ్మ వరకు కత్తిరించేసి తేదీలు మాత్రం మేకుకి తగిలించేవాడు. నేను ఆ గదిలో నేల చూసి తుడిచాను, గోడలు చూసి కాదు.

ఆ గదికి నియమాలు ఎక్కువ. మాప్ గట్టిగా పిండాలి. గోడకి చెయ్యంత దూరంలో ఆగిపోవాలి. రాళ్ళ మీద దుమ్ము మేము తుడవకూడదు, దానికి వేరే మనిషి ఉంది. తెల్లజాతి అమ్మాయి, పెద్ద చదువు చదివింది, చిన్న కుంచెతో ఒక్కొక్క వేలూ విడిగా తుడిచేది. నేను ఆమెని రాళ్ళ డాక్టరమ్మ అనేదాన్ని. మనిషి మంచిది. ఎదురుపడితే ముందు తనే పలకరించేది.

ఆ గదికి కాపలా ఒక నల్లజాతి పెద్దాయన. మోకాళ్ళు అరిగిపోయి కుర్చీలోంచి లేవడానికే అవస్థ పడేవాడు. నా కంటే వయసులో పెద్దవాడే, అయినా నన్ను గ్రాండ్మా అని పిలిచేవాడు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషులో, నేను రాస్తున్నది నా చెవిన పడినట్టు.

"గ్రాండ్మా, ఈ రోజు కూడా డబ్బాలో అదే పసుప్పచ్చ అన్నమేనా?"

"నీ డబ్బాలో అదే కోడి కాలేనా?"

"కోడికి ఇంకో రకం కాలు ఉంటే తెచ్చేవాణ్ణి."

ఆ కోడి కాలుని గదిలో కుర్చీ మీదే కూర్చుని తిన్నందుకు ఆయనకి ఒకసారి పైవాళ్ళు వార్నింగ్ ఇచ్చారు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, కథకి అవసరం.

ఇక అసలు మనిషి. మా చర్చికి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి. అమ్మాయి అంటే నలభై దాటిందే, నా కూతురి వయసు. వాళ్ళన్న స్పాన్సర్ చేస్తే మొగుడూ పెళ్ళాం గుంటూరు దగ్గర్నుంచి వచ్చారు. వచ్చిన కొన్నాళ్ళకే ఆయనకి కిడ్నీలు పోయాయి. గిడ్డంగిలో పని చేసేవాడు, అదీ పోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు కాబట్టి గవర్నమెంటు సాయం ఇంకా రాదన్నారు. నేను మా పైవాళ్ళని అడిగి ఆమెని క్లీనర్‌గా పెట్టించాను. మా మ్యూజియంలో జీతం చిన్నదే గానీ ఇన్సూరెన్స్ ఇచ్చేవాళ్ళు. ఆయన డయాలసిస్ మొత్తం ఆ ఇన్సూరెన్స్ మీద నడిచేది. ఆమె నేల తుడవడం ఆగితే ఆయన రక్తం శుభ్రం కావడం ఆగుతుంది, లెక్క అంత సూటిగా ఉండేది.

పనిలో వంక పెట్టలేను. మూలల్లో చేత్తో తుడిచేది. సబ్బు పారబోసేది కాదు. ఇంగ్లీషు మాత్రం రాదు. ఎవరేమన్నా తల ఊపి నా వైపు చూసేది. అందుకని నియమాలన్నీ నేనే తెలుగులో చెప్పాను. మొదటి రోజు మేడ మీద గదిలో నిలబెట్టి, "ఇదిగో, ఈ తాడు దాటి చెయ్యి పోకూడదు. ఎవరు చెప్పినా పోకూడదు," అన్నాను. "సరే ఆంటీ," అంది.

ఒక రోజు రాళ్ళ డాక్టరమ్మ మేడ మీంచి దిగివచ్చింది. ముఖంలో నెత్తురు లేదు. సిలువ మీంచి దించే పలకలో ప్రభువు చేతి మీద, మోచేయి మడత దగ్గర మరక పడిందట. నన్ను పైకి తీసుకెళ్ళి చూపించింది. కాగితం మీద నూనె చుక్క పడితే ఆ మేర ఎలా మసకగా, పసుపుగా అవుతుందో అలా ఉంది. అంచులు పక్కకి పాకుతున్నాయి. ఈ రాయి నూనెని తాగేస్తుందని, తాగింది కక్కదని చెప్పింది. చెబుతూ చెబుతూ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. రాయి కోసం ఏడ్చే మనిషిని నేను మొదటిసారి చూశాను.

అనుమానం కాపలా పెద్దాయన మీద పడింది. కోడి కాలు సంగతి ఎటూ ఉంది. నూనెని పరీక్ష చేయించారు. వంటనూనె కాదు, సెంటు కలిపిన నూనె అని తేలింది. అది తేలాక ఆయన మీద అనుమానం పోవాలి కదా, ఇంకా గట్టిపడింది. చలికాలంలో చర్మం పగలకుండా ఆయన రాసుకునే నూనె సీసా ఒకటి ఆయన లాకర్‌లో ఉంది. విచారణ పూర్తయ్యేదాకా ఇంటి దగ్గర ఉండమన్నారు, జీతం లేకుండా.

లాకర్ ఖాళీ చేసుకుంటూ నాతో అన్నాడు. "ఆ బొమ్మని నేనెందుకు ముట్టుకుంటాను గ్రాండ్మా? కుర్చీలోంచి లేవాలంటే నాకు ఒక కారణం కావాలి."

సెంటు కలిపిన నూనె అని విన్న దగ్గర్నుంచి నా మనసు వేరే సీసా మీదకి పోతోంది.

ఎందుకంటే మా చర్చికి అంతకు కొన్ని నెలల ముందు మన దేశం నుంచి ఒక పాస్టర్ అయ్యగారు వచ్చారు. మీటింగ్ చివర అందరికీ ప్రార్థన చేసిన నూనె చిన్న చిన్న సీసాల్లో పంచారు. రోగులకి రాయమన్నారు. మూత తీస్తే అత్తరు వాసన గుప్పున కొట్టేది. నాకూ ఒకటి ఇచ్చారు. కొన్నాళ్ళు దాచాను. ఇంట్లో రోగులు లేరు, పారబోయడం నాకు చేతకాదు, తలుపు బందు కిర్రుమంటుంటే దానికి వేశాను. తలుపు బాగుపడింది.

పెద్దాయన వెళ్ళిన మర్నాడు పనికి ముందు, మేము కోట్లు విప్పుకునే గదిలో ఆమెని నిలబెట్టాను.

"ఏమే, నీ సీసా ఏది?"

"ఏ సీసా ఆంటీ?"

"నా దగ్గర నాటకాలొద్దు. అయ్యగారు ఇచ్చిన నూనె సీసా."

ఏప్రాన్ జేబులోంచి తీసింది. అడుగున తడి తప్ప ఏమీ లేదు.

"ఎందుకు చేశావే ఈ పని?"

ఏడవలేదు. నెమ్మదిగా చెప్పింది. డయాలసిస్ సూది గుచ్చడానికి డాక్టర్లు ఆయన చేతిలో నరాలు కలిపి ఆపరేషన్ చేశారు. అది వాచి, మూసుకుపోయింది. ఆ రోజుల్లో ఈ నూనె రాయడం మొదలుపెట్టిందట.

"ఆ బొమ్మలో ప్రభువు చెయ్యి చూశారా ఆంటీ? ఎట్లా వేలాడుద్దో. మిషన్ మీద నుంచి లేచినప్పుడు మా ఆయన చెయ్యి అచ్చం అట్లానే ఉంటది. ముందు అక్కడ ఒక చుక్క రాసి, ఇంటికెళ్ళి అదే వేలితో ఆయనకి రాసేదాన్ని."

"రాయికి రాస్తే మనిషికి తగ్గుద్దని ఏ అయ్యగారు చెప్పాడు నీకు?"

"ఎవరూ చెప్పలా. నాకే అనిపించింది. మీకు చెబితే తిడతారని..."

"తిట్టక ముద్దు పెట్టుకుంటానా?"

"వాపు తగ్గింది ఆంటీ."

"రెండోసారి ఆపరేషన్ చేశారు కాబట్టి తగ్గింది."

"ఆ డాక్టర్ చెయ్యి మాత్రం ఎవరిది ఆంటీ?"

ఆ వాదనకి అది సమయం కాదు. విషయానికి వచ్చాను.

"పెద్దాయన్ని ఇంటికి పంపారు, తెలుసుగా."

"తెలుసు. నిన్నటి నుంచి ఆయన కోసం కూడా ప్రేయర్ చేస్తున్నా."

"ప్రేయర్ చాలదు. నోరు తెరవాలి."

అప్పుడు ఏడ్చింది. "నోరు తెరిస్తే జాబ్ పోద్ది. జాబ్ పోతే ఇన్సూరెన్స్ పోద్ది. మా ఆయన ఏమైపోతాడు ఆంటీ? మీరే చెప్పండి, ఏం చెయ్యమంటారో అదే చేస్తా."

మీరు కుర్రవాళ్ళు, ఇలాంటి మాట మీతో ఇంకా ఎవరూ అని ఉండరు. ఏం చెయ్యమంటే అది చేస్తానని ఒక మనిషి మీ చేతిలో మొగుడి ప్రాణం పెట్టి నిలబడితే తెలుస్తుంది. నేను ఆమెకి వారాంతం దాకా గడువు పెట్టాను. "నువ్వు చెప్పు. నువ్వు చెప్పకపోతే సోమవారం నేను చెబుతాను," అన్నాను. కఠినంగానే అన్నాను. ఆ పెద్దాయనకి పెళ్ళాం పోయింది, పిల్లలు దూరంగా ఉన్నారు, పెన్షన్‌కి కొద్ది కాలమే మిగిలి ఉంది. చేయని తప్పుకి ఆయన పోతుంటే చూస్తూ నేల తుడవడం నా వల్ల కాదు.

ఆ సాయంత్రం చపాతీలు ఒత్తుతూ నా కూతుర్ని అడిగాను.

"డయాలసిస్ ఆపేస్తే మనిషి ఎన్నాళ్ళు ఉంటాడే?"

"ఎవరికమ్మా?"

"ఎవరికైనా."

"నెల కూడా ఉండరు. మనిషిని బట్టి ఇంకా ముందే." నా చేతిలో అప్పడాల కర్ర ఆగిపోవడం చూసి, "ఎవరమ్మా, చెప్పు," అంది. చెప్పలేదు. మిగిలిన పిండి మూత పెట్టి ఫ్రిజ్‌లో దాచాను.

శుక్రవారం ఉదయం ఆమె తనే నా దగ్గరికి వచ్చింది. "పదండి ఆంటీ. నా మాట మీరు వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పాలి," అంది. ఉతికిన తెల్ల చున్నీ వేసుకుని వచ్చింది, ఆదివారం చర్చికి వేసుకునేది.

హెచ్ఆర్ గదిలో ఇద్దరే ఉన్నారు. హెచ్ఆర్ చూసే అమ్మాయి, రాళ్ళ డాక్టరమ్మ. హెచ్ఆర్ అమ్మాయి మాకు మంచినీళ్ళ సీసాలు ఇచ్చింది. మేము మూతలు తియ్యలేదు. ఆమె తెలుగులో చెప్పింది, నేను నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. నూనె, చెయ్యి, భర్త, మిషన్, సూది, వాపు. మధ్యలో నాకు మాటలు దొరక్కపోతే నా మోచేయి మడత చూపించాను.

తర్వాత రాళ్ళ డాక్టరమ్మ హెచ్ఆర్ అమ్మాయితో మెల్లగా అంది.

"ఈ రాళ్ళకి ఒకప్పుడు జనం ఇదే చేసేవాళ్ళు. సమాధిలోంచి లేచే పలకలో పాదం నున్నగా అరిగి ఉంది కదా, ముద్దులు పెట్టీ పెట్టీ అలా అయింది. ఆ అరుగుదలని మేము ముట్టుకోం. అది చరిత్ర."

"మరి ఇది?" అంది హెచ్ఆర్ అమ్మాయి.

డాక్టరమ్మ తన చేతుల వంక చూసుకుంది. "ఇది డామేజీ."

నేను చదువుకున్నదాన్ని కాదు, నాకు అర్థమైనంతలో చెబుతున్నాను. వందల ఏళ్ళ కిందట ముట్టుకున్నవాళ్ళది భక్తి, మొన్న ముట్టుకున్నదానిది నేరం. మధ్యలో ఏ సంవత్సరం నుంచి మారిందో నేను అడగలేదు. అడిగితే ఆవిడ దగ్గర జవాబు ఉండేదేమో.

హెచ్ఆర్ అమ్మాయి దుర్మార్గురాలు కాదు. పెన్ను తిప్పుతూ ఆలోచించి, నా వైపు చూసి, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. "రాళ్ళని ముట్టుకోకూడదని ఈమెకి తెలుసా? ఈమె భాషలో ఎవరైనా సరిగ్గా చెప్పారా? చెప్పలేదంటే అది ట్రైనింగ్‌లో మన లోపం అవుతుంది. అప్పుడు వార్నింగ్‌తో ముగించొచ్చు. తెలిసి చేసిందంటే నా చేతిలో ఏమీ ఉండదు."

మాకు దారి ఇవ్వడానికి తలుపు తెరిచి పట్టుకున్నట్టే. లోపలికి అడుగు వేయడమే మిగిలింది.

కొత్తవాళ్ళకి నేర్పే బాధ్యత నాది కదా, లోపం ఉంటే నాదే అవుతుంది. నా పనికి ఎవరూ ఎన్నడూ వేలెత్తి చూపలేదు. నేను నేర్పినవాళ్ళు నియమం తప్పరని పైవాళ్ళు పది మందిలో చెప్పేవాళ్ళు. ఆ పేరు నాకు జీతం కంటే ఎక్కువ. అయినా ఆ క్షణం దాని గురించి ఆలోచించలేదు. ఆమె వైపు తిరిగి, ముఖంలో ఏమీ కనిపించకుండా, మామూలుగా అడుగుతున్నట్టే అన్నాను.

"ముట్టుకోకూడదని నీకు తెలుసా అని అడుగుతోంది. తెలీదను. ఆంటీ చెప్పలేదను. నోరు కూడా తెరవక్కర్లేదు, తల అడ్డంగా ఊపు చాలు."

"మీరు చెప్పారుగా ఆంటీ. మొదటి రోజే చెప్పారు."

"చెప్పానని నాకూ తెలుసే. ఇప్పుడు లేదను."

"అనలేను."

"ఎందుకనలేవు?"

"పెద్దాయన విషయంలో ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఒక తప్పు చేశా. మీ మీద పెట్టి ఇంకోటి చేస్తే ఇక ఏ ముఖంతో ప్రార్థన చెయ్యమంటారు ఆంటీ?"

"నోరు మూసుకుని కూర్చో," అన్నాను. హెచ్ఆర్ అమ్మాయి వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాను. ఈమెకి తెలియదట. నేను చెప్పడం మర్చిపోయాను. తప్పు నాది.

హెచ్ఆర్ అమ్మాయి భుజాలు కొంచెం దిగాయి. కాగితం మీద పెన్ను పెట్టింది.

ఆ భవనంలో చేరిన దగ్గర్నుంచి ఇంగ్లీషులో ఒక్క పూర్తి మాట మాట్లాడని మనిషి, అప్పుడు మాట్లాడింది. "నో మేడమ్. షీ టోల్డ్. ఫస్ట్ డే, షీ టోల్డ్. ఐ నో. ఐ డిడ్."

పెన్ను ఆగింది. హెచ్ఆర్ అమ్మాయి నా వైపు చూసింది. నేను టేబుల్ వైపు చూశాను. అబద్ధం చెప్పినందుకు నన్ను కూడా పంపేయొచ్చు. "భాష మార్చడంలో పొరపాటు జరిగిందనుకుంటాను," అని మాత్రం అంది. ఆ మాట తనకి తను చెప్పుకున్నట్టు అంది.

మధ్యాహ్నానికల్లా ఆమె బ్యాడ్జి తీసుకున్నారు. నేను బస్‌స్టాప్ దాకా వెళ్ళాను. దారి పొడుగునా తిట్టాను. నీ సత్యం నీ మొగుడికి ఎక్కించుకో అన్నాను. తెరిచిన తలుపుని ఎవత్తె అయినా తన చేత్తో మూసుకుంటుందా అన్నాను. ఆమె వింటూ నడిచింది. బస్సు వస్తే, "వందనాలు ఆంటీ," అని ఎక్కింది.

సోమవారం పెద్దాయన తిరిగి వచ్చాడు. జరిగిందంతా నేనే చెప్పాను.

"నూనె కోసం మనిషిని పంపేశారా?"

"నువ్వూ నూనె కోసమే ఇంటికి పోయావుగా."

"నా సీసా ఇంకా తిరిగి ఇవ్వలేదు," అన్నాడు. కాసేపాగి ఆమె ఫోన్ నంబర్ అడిగాడు. తిట్టడానికేమో అనుకుని ఇవ్వలేదు. మళ్ళీ అడిగాడు. "వాళ్ళకి కారు ఉందా గ్రాండ్మా? హాస్పిటల్‌కి ఎలా వెళ్తారు?"

"ఆమె వల్ల నీ పని పోబోయింది. నీకెందుకు?"

"నన్ను అనుమానించింది ఆవిడ కాదు," అన్నాడు. నంబర్ ఇచ్చాను.

ఇన్సూరెన్స్ ఆ నెలాఖరుతో ఆగింది. ఇంకో దానికి కాగితాలు పెట్టారు. ఒకసారి ఏదో పేపర్ తక్కువైందన్నారు, ఇంకోసారి పేరు స్పెల్లింగ్ కలవలేదన్నారు. చర్చిలో చందాలు వేశారు. నేనూ వేశాను, నా స్తోమతకి మించే వేశాను, కానీ ఆ మిషన్ ముందు మా చందాలు ఏ మూలకి. డయాలసిస్ సెంటర్ వాళ్ళు కొన్నాళ్ళు చూసి, ఇక రావొద్దన్నారు. ఊపిరి అందకపోతే ఎమర్జెన్సీకి రమ్మన్నారు. అంటే మునిగిపోయే దాకా ఆగి, అప్పుడు పైకి లాగుతారన్నమాట. మర్నాటి నుంచి మళ్ళీ మునగడమే. పెద్దాయన తన పాత కారులో ఎన్నో పొద్దుటిపూటలు ఆమె మొగుణ్ణి ఆ ఎమర్జెన్సీ తలుపు దగ్గర దింపి, అక్కణ్ణుంచి డ్యూటీకి వచ్చేవాడు. ఆయన దిగాక సీటు మీద టవల్ తడిసి ఉండేదట. ఒంట్లోంచి నీరు చర్మం పగిలి కారేదని చెప్పాడు.

మ్యూజియంలో రాళ్ళ డాక్టరమ్మ మరక తీయడానికి ఏవేవో పట్టీలు వేసింది. కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. తర్వాత ఆ గదిలో పలకలన్నిటికీ అద్దాలు బిగించారు. ఆ అద్దాలు తుడవడం మా పని అయింది. పిల్లలు ముక్కులు ఆనించి చూస్తారు, రోజూ తుడవాలి.

మంచు మొదలైన రోజుల్లో ఆమె మొగుడు పోయాడు. ఆ రోజు కూడా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారు, ఆలస్యమైంది అన్నారు. కొత్త ఇన్సూరెన్స్ మంజూరైందన్న ఉత్తరం తర్వాత వచ్చింది. దాని గురించి నేను ఏమీ రాయను.

ఫ్యూనరల్ హోమ్‌లో పెట్టె తెరిచి ఉంచారు. పెద్దాయన వెనక వరసలో, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రాళ్ళ డాక్టరమ్మ పువ్వులు పంపింది, రాలేదు. వచ్చి ఉంటే ఏం చెప్పేదో ఆమెకీ తెలిసి ఉండదు. మా ఆడవాళ్ళు పాట పాడుతున్నారు. ఆమె పెట్టె పక్కన కుర్చీలో కూర్చుని ఉంది, అదే తెల్ల చున్నీ. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆ బస్‌స్టాప్ దగ్గర నేను అన్న మాటలు ఆమె చెవిలో ఇంకా ఉన్నాయేమో అనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని దగ్గరకి వంగింది.

"ఆంటీ, ఒకటి అడగాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నా."

"అడుగమ్మా."

"ఆ రోజు ఆఫీస్‌లో మీరు నా కోసం అబద్ధం చెప్పారుగా. అది ప్రభువు దగ్గర ఒప్పుకున్నారా?"

నేను ఆమె ముఖంలోకి చూశాను. నిష్ఠూరం కాదు. ఎత్తిపొడుపు కాదు. మొగుడు పెట్టెలో ఉండగా ఆ మనిషి నా ఆత్మ గురించి దిగులు పడుతోంది.

"లేదు," అన్నాను.

"ఒప్పుకోండి ఆంటీ. నా వల్ల మీకు ఆ లెక్క మిగిలిపోకూడదు. నాకు నిద్ర పట్టట్లేదు."

సరేనమ్మా అన్నాను. ఆమెకి ఇంకో అబద్ధం చెప్పాను. అంతకంటే ఏం చెయ్యగలను? తర్వాత ఆమె టెక్సాస్‌లో వాళ్ళన్న దగ్గరికి వెళ్ళిపోయింది. ఫ్రిస్కోలో ఏదో స్కూల్ క్యాంటీన్‌లో పని చేస్తోందట. పండగలకి ఫోన్ చేస్తుంది. చేసిన ప్రతిసారీ చివర అడుగుతుంది. నేను మాట మారుస్తాను.

ప్రతి రాత్రీ మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తాను. కోపం ఒప్పుకుంటాను, నోటి దురుసు ఒప్పుకుంటాను, పిసినారితనం కూడా ఒప్పుకుంటాను. ఆ ఒక్కటి దగ్గరికి వచ్చేసరికి నోరు పెగలదు. అది తప్పని నాకు అనిపించదు. మళ్ళీ ఆ గదిలో కూర్చోబెట్టి అడిగితే మళ్ళీ అదే చెబుతాను, ఈసారి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టి మరీ చెబుతాను.